చీకట్లో సైకిలు: ఏ బాట మేలు?

వేసవి సెలవులకు కడప జిల్లాలోని చుట్టాల ఊరికి వెళ్ళారనుకోండి. మధ్యాహ్నం వాకిట్లో కాలు పెట్టలేరు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. పగలంతా వేడిని తాగిన నాపరాళ్ళు పొద్దుగూకాక కూడా అరికాలిని చురుక్కుమనిపిస్తాయి. అందుకే పూర్వం ఈ సీమలో దూరప్రయాణాలు రాత్రిపూట చేసేవారు. చల్లబడ్డాక బండి కట్టి, తెల్లవారేసరికి ఊరు చేరేవారు.

ఆ బండికి లాంతరు ఎక్కడ కట్టేవారో మీ అవ్వనో తాతనో అడగండి. బండి తోలే మనిషి ముందు కాదు. బండి కింద, ఇరుసు దగ్గర వేలాడదీసేవారు! దారి చూడవలసిన మనిషి పైన కూర్చుంటే దీపం కింద ఎందుకు? ఇదేం తెలివి అని మీకు నవ్వు రావచ్చు. కాస్త ఆగండి. ఆ లాంతరులో మనకు పనికివచ్చే భౌతికశాస్త్రం ఉంది.

ఇప్పుడు బళ్ళు తగ్గాయి, సైకిళ్ళు ఉన్నాయి. లావు టైర్లు, గట్టి బ్రేకులు ఉన్న కొండబాట సైకిళ్ళు మన ఊళ్ళలోనూ కనిపిస్తున్నాయి. వీటి పుట్టుక తమాషాగా ఉంటుంది. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ కుర్రవాళ్ళు పాత లావుచక్రాల సైకిళ్ళను కొండమీదికి చేర్చి మట్టిబాటల మీదుగా కిందికి దూకించేవారు. 1976లో అక్కడ మొదలైన పందానికి 'రీప్యాక్' అని పేరు. దిగేటప్పుడు బ్రేకు వేడెక్కి, వెనుక చక్రపు కుండలోని గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ కొత్త గ్రీజు కూరవలసి వచ్చేది. కూరడమే రీప్యాక్ అన్నమాట! ఆ మరుసటి ఏడే జో బ్రీజ్ అనే ఆయన ఈ పనికోసమే ఒక సైకిలు చట్రాన్ని తయారుచేశాడు.

అయితే సైకిలు ఎంత గట్టిదైనా దాని సవారీకి ఉన్నవి రెండు కళ్ళే. పరాయి ఊళ్ళో, చీకటి పడ్డాక, మట్టిబాట మీద వెళ్ళాలనుకుంటే ఏ బాట ఎంచుకోవాలి? పగలు బాగున్న బాట రాత్రి బాగుండాలని లేదు.

ముందు చిన్న లెక్క చేద్దాం. ఎదురుగా బండరాయి కనిపించింది. కనిపించిన క్షణానే సైకిలు ఆగదు. కన్ను చూడాలి, మెదడు గుర్తించాలి, వేళ్ళు బ్రేకు నొక్కాలి. చీకట్లో దీనికంతా ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. అప్పటిదాకా సైకిలు అదే వేగంతో పోతూనే ఉంటుంది. ఆ తర్వాత బ్రేకు పట్టుకుంటుంది. గులకరాళ్ళు పరచుకున్న బాటమీద చక్రానికి పట్టు తక్కువ. సెకనుకు సెకనుకు మీటరు లెక్కన 3 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందనుకోవచ్చు.

గంటకు 15 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 4 మీటర్ల పైచిలుకు. ఒకటిన్నర సెకనులో సైకిలు 6 మీటర్ల పైన పోతుంది. బ్రేకు పడ్డాక ఇంకో 3 మీటర్లు. మొత్తం 9 మీటర్లు. ఇప్పుడు వేగం 30 కిలోమీటర్లు చేయండి. రాయిని గుర్తించేలోపు పన్నెండున్నర మీటర్లు, బ్రేకుమీద ఇంకో పదకొండున్నర. మొత్తం 24 మీటర్లు! వేగం రెట్టింపయితే ఆగే దూరం రెట్టింపు కాలేదు, రెండున్నర రెట్లు దాటింది. బ్రేకుమీద జారే దూరం వేగపు వర్గాన్ని బట్టి పెరగడమే దీనికి కారణం.

పల్లం ఉంటే ఇంకా కష్టం. పది అడుగులకు ఒక అడుగు దిగే బాటమీద అదే 30 కిలోమీటర్ల వేగంతో వస్తే ఆగేందుకు 30 మీటర్లు కావాలి. భూమి మిమ్మల్ని కిందికి లాగుతూ బ్రేకు పనిలో మూడోవంతు తినేస్తుంది.

సరే, పెద్ద దీపం పెట్టుకుంటే సరిపోదా? ఇక్కడ ఇంకో వర్గం అడ్డు వస్తుంది. దీపం నుంచి దూరం రెట్టింపయితే రాయిమీద పడే వెలుగు సగం కాదు, నాలుగోవంతు అవుతుంది. 9 మీటర్ల దూరంలో రాయిని చూపే దీపం ఉందనుకోండి. అదే రాయి అంత వెలుగుతోనే 24 మీటర్ల దూరంలో కనబడాలంటే ఏడు రెట్ల దీపం కావాలి. అంటే వేగం రెండింతలు చేసినందుకు దీపం ఏడింతలు! చక్రానికి రాసుకుని తిరిగే పాత సీసా డైనమో 6 వోల్టుల దగ్గర 3 వాట్లు ఇచ్చేది. అదీ సైకిలు పరుగెత్తుతుంటేనే. నిలబడితే దీపం ఆరిపోయేది. ఇప్పటి ఎల్‌ఇడి దీపాలు దానికన్నా ఎన్నో రెట్లు మేలు. అయినా వర్గపు లెక్క ఎల్‌ఇడిని కూడా వదలదు.

కాబట్టి బాటను ఎంచుకునేటప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: నా దీపం చూపించే దూరంలోపల ఈ బాటమీద ఆగగలనా? ఎక్కడైనా ఆగలేనంత పల్లంగానీ, నేరుగా కనపడని మలుపుగానీ ఉంటే ఆ బాట రాత్రికి పనికిరాదు. చేతిఫోనులోని పటాల్లో కొండ ఎత్తును తెలిపే గీతలు చూసే వీలుంటుంది. సర్వే ఆఫ్ ఇండియా వారి పటాల్లోనూ ఉంటాయి. ఆ గీతలు దగ్గరదగ్గరగా ఇరుక్కుని ఉంటే అక్కడ నిటారు వాలు ఉన్నట్టు. కాని పటంలో రాళ్ళు ఉండవు. అందుకే రాత్రి పోవలసిన బాటను పగలు ఒకసారి చూసి రావాలి. ఇందులో మినహాయింపు ఉండకూడదని నా అభిప్రాయం.

ఇక నేల రంగు సంగతి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి ఎక్కువ. రేగడి తనమీద పడ్డ వెలుగులో దాదాపు పదోవంతునే తిప్పి పంపుతుంది, మిగిలింది మింగేస్తుంది. దీపం ఎంత మంచిదైనా రేగడి బాటమీద దాని వెలుగు ఎక్కడికో పోయినట్టుంటుంది. నాపరాయి పొడి పరచుకున్న బూడిదరంగు బాట అలా కాదు. అదే దీపానికి తెల్లగా, దూరందాకా కనిపిస్తుంది. రెండు బాటలుంటే లేత రంగుదాన్నే ఎంచుకోండి. రేగడికి ఇంకో గుణం కూడా ఉంది. జల్లు పడితే చక్రానికి, చట్రానికి మధ్య ముద్దగా అతుక్కుని సైకిలును కదలనివ్వదు. అప్పుడు సైకిలు మిమ్మల్ని మోయదు, మీరే దాన్ని మోయాలి! అన్నట్లు, రేగడి బాటమీద నడిచే గేదె సంగతి చెప్పనక్కరలేదు. నల్లటి నేలపై నల్లటి గేదె. ముందుగా కనిపించేవి దాని కళ్ళు మాత్రమే. గేదె కంటి వెనుక అద్దంలాంటి పొర ఉంటుంది. అది దీపం వెలుగును తిప్పి పంపుతుంది కనుక ఆ రెండు చుక్కలు దూరం నుంచే మెరుస్తాయి. గేదె అటువైపు తిరిగి ఉంటే చుక్కలూ ఉండవు.

ఇప్పుడు ఇరుసు కింది లాంతరు దగ్గరకు వద్దాం. ఈ రాత్రే పెరట్లో ఒక ప్రయోగం చేయండి. నేలమీద పిడికెడు కంకర చల్లండి. టార్చిలైటును నుదుటి దగ్గర పట్టుకుని రాళ్ళమీద వేయండి. నేలంతా తెల్లగా, చదునుగా కనిపిస్తుంది. ఇప్పుడు టార్చిని మోకాలి కిందికి దించి నేలను ఒరుసుకుంటూ వెలుగు పోయేలా పట్టుకోండి. ఒక్కొక్క రాయి వెనుక పొడుగాటి నీడ లేచింది కదూ! ఏది ఎత్తో ఏది గుంటో ఇప్పుడు తెలుస్తోంది. దీపం కంటి దగ్గరే ఉంటే ప్రతి నీడా దాన్ని పడవేసిన రాయి చాటునే దాక్కుంటుంది. మనకు కనబడదు. దీపం కంటికన్నా కిందికి పోయినకొద్దీ నీడలు బయటపడతాయి. బండివాడి లాంతరు చేసిన పని ఇదే. పైగా ఆ వెలుగు అతని కళ్ళలో పడేది కాదు. కనుక సైకిలుకు కట్టే పెద్ద దీపం హ్యాండిలు దగ్గరో, ఇంకా కిందనో ఉండాలి. తలకు కట్టుకునే దీపం మలుపు తిరిగేముందు పక్కకు చూడడానికి, పంక్చరు వేసుకోవడానికి మంచిది. అది ఒక్కటే ఉంటే గుంటలు మాయమవుతాయి.

చంద్రుడి విషయంలో కూడా ఇలాంటి చిత్రమే ఉంది. అష్టమినాడు చంద్రబింబం సగం కనిపిస్తుంది కాబట్టి పున్నమి వెలుగులో సగం ఉంటుందనుకుంటాం. ఉండదు. దాదాపు పదోవంతే ఉంటుంది. అష్టమినాడు సూర్యుడి వెలుగు చంద్రుడిమీద పక్కనుంచి పడుతుంది. అక్కడి కొండలు, గుంటలు, గరుకు ధూళి నీడలు పరచుకుంటాయి. పున్నమినాడు సూర్యుడు మన వెనుకనుంచి వెలుగు వేస్తాడు. నుదుటిదగ్గర పట్టిన టార్చిలాగే! నీడలన్నీ దాక్కుని బింబమంతా తెల్లగా మెరుస్తుంది. అయినా నిండుచంద్రుడు ఇచ్చేది పట్టపగటి వెలుగులో సుమారు నాలుగు లక్షలవ వంతు. అంత తక్కువ వెలుగులోనూ చూడగలిగే మన కన్నును మెచ్చుకోవాలి.

పంచాంగం చూసి రోజును ఎంచుకోండి. శుక్లపక్షపు దశమి నుంచి పున్నమి దాకా పొద్దుగూకే వేళకే చంద్రుడు ఆకాశంలో ఉంటాడు. పున్నమి దాటాక రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. బహుళ అష్టమినాడు మీరు ఇల్లు చేరి నిద్రపోయాక, అర్ధరాత్రికి లేస్తాడు. దిక్కు కూడా చూసుకోవాలి. పున్నమినాటి సాయంత్రం చంద్రుడు తూర్పున కిందుగా ఉంటాడు. మీరు పడమటికి పోతుంటే మీ నీడ మీ ముందే పడి బాటను కప్పేస్తుంది. తూర్పుకు వస్తుంటే ప్రతి రాయి నీడా మీవైపు పొడుగ్గా చాచుకుని ఉంటుంది. అందువల్ల పొద్దు దిగాక సందెవెలుగులో పడమటికి వెళ్ళి, చీకటి పడ్డాక తూర్పుకు తిరిగివచ్చే బాట మంచిది. సందెవెలుగు మన దగ్గర ఎక్కువసేపు ఉండదు సుమా! పొద్దు దిగిన 25 నిమిషాలకే దీపం కావలసి వస్తుంది. ఇంకో చిట్కా: చంద్రుడికి ఎదురుగా పోతున్నప్పుడు బాటమీద తళతళలాడేది నీటిగుంట. చంద్రుడు వీపు వెనుక ఉన్నప్పుడు నల్లగా కనిపించేది నీటిగుంట.

కంటి లోపలి సంగతి కొంచెం చెప్పుకోవాలి. కంటి వెనుక తెరమీద రెండు రకాల కణాలున్నాయి. శంఖు కణాలు పగటివి, రంగులు చూస్తాయి. దండ కణాలు రాత్రివి, రంగులు తెలియవు గాని కొద్ది వెలుగుకే స్పందిస్తాయి. చీకట్లోకి వచ్చాక దండ కణాలు పూర్తిగా మేలుకోవడానికి అరగంట పైనే పడుతుంది. ఎదురుగా ఒక లారీ దీపాలు వేసుకుని వస్తే ఆ అరగంట సంపాదన ఒక్క క్షణంలో పోతుంది. అటువంటప్పుడు పక్కకు దిగి, ఆగి, ఒక కన్ను మూసుకోండి. మూసిన కంటి చీకటిచూపు మిగులుతుంది. కడప నుంచి రాయచోటికి పోయే దారిలోని గువ్వలచెరువు కనుమలాంటి లారీలు తిరిగే మలుపుల రోడ్డును రాత్రి సైకిలుకు నేను ఎంచుకోను. ఆ ఊరి పాలకోవా ఎంత రుచిగా ఉన్నా పగలే వెళ్ళి తినాలి. దండ కణాలు ఎర్రని వెలుగును దాదాపు పట్టించుకోవు. కాబట్టి పటం చూడవలసివస్తే టార్చికి ఎర్రటి మిఠాయి కాగితం చుట్టి చూడండి. దండ కణాల్లోని రొడాప్సిన్ తయారీకి విటమిన్ ఎ కావాలి. అది చాలని వారికి రేచీకటి వస్తుంది. మసక వేళకే తడుముకునే స్నేహితుడు ఎవరైనా ఉంటే రాత్రి సవారీకి కాదు, ముందు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి.

ఇప్పుడు అన్నిటికన్నా గట్టి ప్రశ్న. బాట తప్పి రెండడుగులు పక్కకు పోతే అక్కడ ఏముంది?

రాయి కనిపించేది అది మన దీపపు వెలుగును తిప్పి పంపడం వల్లనే. గుంట అలా పంపదు. వెలుగు లోపలికి పోయి పోతూనే ఉంటుంది. చీకట్లో లోయ అంచు, నల్లటి నేల ఒకేలా ఉంటాయి. జమ్మలమడుగు దగ్గర గండికోట ఉంది కదా. అక్కడ పెన్నానది ఎర్రమల కొండలను కోసుకుంటూ సుమారు 300 అడుగుల లోతున పారుతుంది. పగలు ఆ అంచున నిలబడితే చదునైన బండలు ఒక్కసారిగా తెగిపోయినట్టు కనిపిస్తాయి. వాలు లేదు, హెచ్చరిక లేదు. బండలు పొరలు పొరలుగా ఉండి, నిలువు పగుళ్ళ వెంట విరిగి పడడం వల్ల అలాంటి అంచు ఏర్పడింది. మీ దీపం ఆ అంచును ఎంత దూరం నుంచి చూపగలదు? సరిగ్గా చెప్పాలంటే చూపనే చూపదు, బాట అక్కడితో ఆగిపోయినట్టు ఉంటుందంతే. గండికోటను తప్పక చూడండి, పగలు కాలినడకన చూడండి. రాత్రి సైకిలు మాత్రం ఆ అంచుకు వంద గజాల దగ్గరలోకి కూడా పోకూడదు.

గండికోట అంచు అందరికీ తెలుసు. పేరులేని గండ్లు ఇంకా చాలా ఉన్నాయి. పొలాల్లో గట్టు లేని పాత మోటబావులున్నాయి. ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి తీసి వదిలేసిన గోతులున్నాయి. కొన్నిటిలో నీళ్ళు నిలిచి ఉంటాయి. ఇవి పరాయి ఊరివాళ్ళకు తెలియవు, పటాల్లో కూడా ఉండకపోవచ్చు. ఆ ఊరి గొర్రెల కాపరికి తెలుసు. "అన్నా, ఈ బాట పక్కన బావులేమైనా ఉండాయా?" అని అడగడానికి మొగమాటపడకండి. పటం చెప్పనిది ఆయన చెబుతాడు. ఏ వంకలో ఇసుక లోతో, ఎక్కడ పల్లేరుకాయలు టైరును జల్లెడ చేస్తాయో కూడా చెబుతాడు.

కాలువగట్టు మాటేమిటి? కర్నూలు–కడప కాలువ 300 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. 19వ శతాబ్దంలో తవ్విన ఈ కాలువలో అప్పట్లో పడవలు కూడా నడిపారు. నీరు మెల్లగా పారాలి కాబట్టి కాలువకు వాలు చాలా తక్కువ, దాని గట్టూ అంతే. మొదటి ప్రశ్నకు గట్టు చక్కగా నెగ్గుతుంది. రెండో ప్రశ్నకు ఓడిపోతుంది, ఎందుకంటే పక్కనే నీళ్ళున్నాయి. బండి పోయేంత వెడల్పు లేని చోట సైకిలు దిగి నడిపించుకు పోవడమే మేలు. రెండు పక్కలా చదును పొలాలున్న బండిబాట చూడడానికి అంత అందంగా ఉండకపోవచ్చు. కాని అక్కడ బాట తప్పితే చేను తగులుతుంది, మహా అయితే మోకాలు గీసుకుంటుంది.

వంక దాటే బాటలు వర్షాకాలంలో వద్దు. ఈ సీమలో వానలు తక్కువే. కాని అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలు వస్తే ఒక్క రాత్రిలో కుమ్మరిస్తాయి. మట్టి తక్కువున్న రాతికొండ నీటిని పీల్చుకోదు. మీ తలమీద చుక్కలు కనిపిస్తుండగానే ఎగువన పడ్డ వాన వంకలోకి దిగి వస్తుంది. 2021 నవంబరు 19న తెల్లవారుజామున చెయ్యేరుమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ పల్లెలను ముంచింది. ఎండిపోయి ఇసుకతో కనిపించే ఏరు ఏమి చేయగలదో అక్కడి వారిని అడిగితే చెబుతారు.

ఇక లంకమల, పాలకొండల వైపు పోయే అడవిబాటలు మిగిలాయి. పటంలో ఇవే అందరికన్నా ఎక్కువ ఊరిస్తాయి. అయితే అవి మన బాటలు కావు. అక్కడ రాత్రి వేరేవారిది. ఎలుగుబంట్లు, చిరుతలు ఉంటాయని మాత్రమే నేను ఈ మాట చెప్పడం లేదు. కలివికోడి కథ వినండి.

అది పొడుగు కాళ్ళు, పెద్ద కళ్ళు ఉన్న చిన్న పక్షి. పగలు ముళ్ళపొదల చాటున ఉండి రాత్రి నేలమీద పరుగెత్తుతూ పురుగులను తింటుంది. జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 19వ శతాబ్దంలో దాన్ని లోకానికి చూపాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 86 ఏళ్ళ తర్వాత, 1986 జనవరిలో, కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర అది మళ్ళీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ వెతుకుతుండగా, ఐతన్న అనే స్థానికుడు రాత్రివేళ దీపపు వెలుగులో దాన్ని పట్టాడు. పండితులకు 86 ఏళ్ళు కనపడని పక్షిని ఆ ఊరి మనిషి ఎరుగును! దానికోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చారు.

ఆ పక్షి కళ్ళు చుక్కల వెలుగుకు అమరినవి. మీ ఎల్‌ఇడి దీపం వాటిలో పడితే మీకు లారీ దీపం పడినట్టే. అది బిత్తరపోయి నిలబడిపోతుంది. అసలు అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా పోవడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. ఈ కొండల్లో ఎర్రచందనం పెరుగుతుంది, దాన్ని దొంగతనంగా నరుకుతారు. అందుచేత అడవిలో రాత్రి కదిలే ఏ దీపమైనా కాపలావారికి దొంగదీపమే.

ఇంతకూ మనకు మిగిలిన బాట ఏది? ఊరికి దగ్గరగా, లేతరంగు నేలతో, వాలు తక్కువగా, రెండు పక్కలా చేలున్న బండిబాట. నాలుగైదు కిలోమీటర్లు చాలు. వెళ్ళిన బాటనే తిరిగి రండి, గుండ్రంగా చుట్టి రావాలనుకోకండి. సందెవెలుగులో చూసిన రాళ్ళే చీకట్లో ఎదురవుతాయి. ఒక్క చిక్కుంది. వెనుకకు వచ్చేటప్పుడు బాట వేరేగా కనిపిస్తుంది. పోయేటప్పుడు రెండు బాటలు కలిసిన చోటును వచ్చేటప్పుడు చూస్తే రెండుగా చీలి ఉంటుంది. అందుకని పోతూ పోతూ కలిసిన ప్రతి చోటా ఆగి వెనుదిరిగి చూడండి. మీరు వచ్చిన బాట పక్కన మూడు రాళ్ళు పేర్చండి. దిగేముందు కాలు పెట్టే చోట దీపం వేసి చూడండి. పగలు కాగిన నేలమీదకు రాత్రి రక్తపింజరి, కట్లపాము వస్తాయి. ఒంటరిగా వద్దు, ఇద్దరయినా ఉండాలి. ఇద్దరి మధ్య పది మీటర్లకు తగ్గని ఎడం ఉండాలి. ఎందుకో పైన వేసిన లెక్కలో చూడండి.

బయలుదేరేముందు పటంలో ఆ బాటమీద పెన్సిలుతో గీత గీసి ఇంట్లో పెట్టండి. ఎనిమిదిన్నరకు వస్తామని చెప్పండి. తొమ్మిదయినా రాకపోతే మీ మామ టార్చి పట్టుకుని ఆ గీత వెంటనే వస్తాడు.